ఊరి చలి వేరు, గోడ చలి వేరు

డిసెంబర్ సెలవుల్లో క్లైంబింగ్‌కి ఎక్కడికి వెళ్దామన్న మాట రాగానే అందరి చేతులూ ఫోన్లో వెదర్ యాప్ మీదికి పోతాయి. స్పెయిన్‌లో సియురానా 6 డిగ్రీలు, గ్రీస్‌లో లియోనిడియో 13, థాయ్‌లాండ్‌లో రైలే 31 అన్నట్టు ఏవో అంకెలు కనిపిస్తాయి. సియురానా మరీ చలి, రైలే మరీ ఉక్క, గ్రీస్ పర్వాలేదు అని తేల్చేసి టికెట్లు కొనేస్తారు. ఆ అంకెల్లో తప్పేం లేదు. కాకపోతే అవి ఊరివి. నీడలో, నేలకి రెండు మీటర్ల ఎత్తున పెట్టిన థర్మామీటర్ చెప్పేవి. మీరు వేలాడబోయేది గోడ మీద. ఆ గోడ ఏ దిక్కు చూస్తోంది, అది ఏ రాయి, వాన వెలిశాక ఎన్నాళ్లకి ఆరుతుంది అన్న మూడు సంగతులూ యాప్‌లో ఉండవు. చలికాలపు ట్రిప్ బాగుపడేదీ పాడయ్యేదీ ఎక్కువగా వీటి దగ్గరే.

ముందు ఒక చిన్న పొరపాటు సంగతి. బౌల్డరింగ్ (తాడు లేకుండా పొట్టి బండలెక్కడం) వీడియోల్లో దక్షిణాఫ్రికా రాక్‌లాండ్స్ చూసి, చలికాలంలోనే వెళ్లాలట అని డిసెంబర్‌కి ప్లాన్ వేసేవాళ్లు ఉన్నారు. అక్కడి చలికాలం జూన్ నుంచి ఆగస్టు దాకా. మన క్రిస్మస్ అంటే వాళ్లకి నడివేసవి, పట్టుకుంటే చేతులు కాలే ఎండ. ఆస్ట్రేలియా గ్రాంపియన్స్‌దీ ఇదే కథ. కాబట్టి ఇక్కడ మాట్లాడుకునేది నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా భూమధ్యరేఖకి పైన ఉన్న చోట్ల గురించే.

ఎండ లెక్క

డిసెంబర్ 21న మిట్టమధ్యాహ్నం సూర్యుడు ఎంత ఎత్తులో ఉంటాడో కాగితం మీదే తేల్చుకోవచ్చు. 90 లోంచి ఆ చోటి అక్షాంశం తీసేసి, మిగిలినదాంట్లోంచి 23.4 తీసేయాలి. సియురానా, మార్గలెఫ్ ఉన్న దక్షిణ కాటలోనియా 41 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉంది కాబట్టి 25.6 డిగ్రీలు వస్తుంది. హైదరాబాద్‌లో అదే రోజు సూర్యుడు 49 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. కాటలోనియాలో నడినెత్తికి వచ్చే మాటే లేదు, మధ్యాహ్నం కూడా కళ్లలోకే కొడుతుంటాడు.

అంత కిందనుంచి వచ్చే ఎండ నేల మీద ఏటవాలుగా పరుచుకుపోతుంది. సూటిగా పడితే వచ్చే వేడిలో నేలకి దక్కేది 43 శాతం. దక్షిణం చూసే నిలువు గోడకి మాత్రం అదే ఎండ ఎదురుగా తగిలి 90 శాతం దక్కుతుంది. ఊళ్లో 7 డిగ్రీలున్న రోజున గోడ మీద జనం టీషర్టులతో ఎక్కుతుండటం ఇందుకే. 30 డిగ్రీలు ముందుకి వాలిన ఓవర్‌హ్యాంగ్ అయితే లెక్క 56 శాతానికి పడిపోతుంది. మంచి పట్టు కావాల్సిన కష్టమైన రూట్లకి (గోడ మీద ఎక్కే దారులకి) అది అనుకూలమే. కాటలోనియాలోనే ఉన్న ఒలియానా గోడ శీతాకాలానికి పేరు తెచ్చుకున్నది ఈ కారణంగానే: దక్షిణం చూస్తుంది, పొడవుగా ఉంటుంది, పైకి పోయేకొద్దీ ముందుకి వాలుతుంది. చెక్ క్లైంబర్ ఆడమ్ ఒండ్రా అక్కడి లా దురా దురా అనే అతి కష్టమైన రూట్‌ని పూర్తి చేసింది 2013 ఫిబ్రవరిలో.

ఈ లెక్కకి రెండు షరతులున్నాయి. మబ్బు పట్టినా గాలి లేచినా ఆ 90 శాతం పది నిమిషాల్లో ఆవిరైపోతుంది. టీషర్టులో ఉన్న మనిషి బిలే చేస్తూ (కింద నిలబడి ఎక్కేవాడి తాడు పట్టుకుని) వణుకుతాడు, ఎక్కేవాడి వేళ్లు మొద్దుబారతాయి. బిలే చేసేవాళ్లకి మంచి డౌన్ జాకెట్ లేకుండా యూరప్ శీతాకాలానికి బయల్దేరడం తెలివితక్కువ పని. రెండోది పగటి పొడవు. డిసెంబర్ చివర్లో కాటలోనియాలో పగలు 9 గంటల పైచిలుకు, పారిస్ పక్కనున్న ఫాంటెన్‌బ్లోలో 8 గంటల పావు. మన దగ్గర 11 గంటలుంటుంది. పైగా లోయల్లో ఎదురు కొండ అడ్డుపడి గోడ మీదికి ఎండ పదిన్నరకి వచ్చి మూడింటికల్లా వెళ్లిపోవచ్చు. అందుకే ఒక చోటు ఎంచుకునేటప్పుడు అక్కడ ఎన్ని రూట్లున్నాయని అడిగే ముందు, పొద్దున్న ఎండ తగిలే గోడ, మధ్యాహ్నం ఎండ తగిలే గోడ రెండూ అరగంట దూరంలో ఉన్నాయా అని చూడాలి. మార్గలెఫ్, వాలెన్సియా దగ్గరి చులియా, సియురానా మూడూ ఈ పరీక్షలో నెగ్గుతాయి.

రైలే, దాని పక్కనున్న టోన్‌సాయ్‌కి వచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. అక్కడ అక్షాంశం 8. డిసెంబర్‌లో కూడా సూర్యుడు 58 డిగ్రీలకి పైనే ఉంటాడు, ఉష్ణోగ్రత 30 దాటుతుంది, గాలి నిండా తేమ. కాబట్టి వెతకాల్సింది నీడని. తూర్పు చూసే గోడ ఎక్కాలంటే మధ్యాహ్నం, పడమర గోడ ఎక్కాలంటే పొద్దున్నే. నవంబర్‌లో అక్కడ ఇంకా వానలు తగులుతుంటాయి. డిసెంబర్ రెండో సగం నుంచి మార్చి దాకా పొడి రోజులు. క్రిస్మస్, న్యూ ఇయర్ మధ్య మాత్రం గదుల ధరలు, గోడ కింద క్యూలు రెండూ చిరాకు పుట్టిస్తాయి. జనవరి రెండో వారం దాకా ఆగగలిగితే మేలు.

ఎత్తు గురించి ఒక్క మాట. మామూలుగా వెయ్యి మీటర్లకి ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందని అందరికీ తెలుసు. శీతాకాలంలో ఇది ఒక్కోసారి తలకిందులవుతుంది. కాటలోనియాలోని లెయిదా మైదానంలో డిసెంబర్, జనవరి నెలల్లో చల్లటి గాలి అడుగున చిక్కుకుపోయి రోజుల తరబడి మంచు తెర కప్పేస్తుంది. యాప్‌లో లెయిదా చూస్తే 2 డిగ్రీలు, పొగమంచు అని ఉంటుంది. అదే సమయంలో ఆ తెరకి పైనున్న గోడలు ఎండలో మెరుస్తుంటాయి. దగ్గరి పట్నం పేరు కొట్టి వాతావరణం చూడటం వల్ల వచ్చే చిక్కు ఇది.

వాన కన్నా ఊట

స్పోర్ట్ క్లైంబింగ్‌కి (గోడకి ముందే బిగించిన బోల్టులకి తాడు తగిలించుకుంటూ ఎక్కడానికి) పేరున్న శీతాకాలపు చోట్లలో ఎక్కువ భాగం సున్నపురాయి. సున్నపురాయి లోపల దారులుంటాయి. పైన కొండ మీద పడ్డ వాన పగుళ్లలోంచి దిగి, రెండు మూడు రోజుల తర్వాత గోడ మధ్యలో ఎక్కడో బయటికొస్తుంది. గోడ మీద మైనం కారి గడ్డకట్టినట్టు ఉండే టూఫాలు అలా కారిన నీళ్లు కట్టినవే. అందమైన టూఫా కనిపించిందంటే దాని వెనక నీటి దారి ఉన్నట్టే. ఓవర్‌హ్యాంగ్ కాబట్టి వానలో కూడా ఎక్కొచ్చు అన్నది సగం నిజం. వాన పడుతున్న రోజు నిజంగానే పొడిగా ఉంటుంది. ఆకాశం తేటపడ్డాక, మీరు దిగిన రోజుకి, సరిగ్గా అప్పుడే ఊట మొదలవుతుంది. పెద్ద వానలైతే వారాలపాటు ఆగదు. టికెట్ కొనే ముందు రాబోయే వారం సూచన ఒక్కటే చూస్తే చాలదు, గడిచిన మూడు వారాల్లో ఎంత కురిసిందో కూడా చూడాలి.

టర్కీలో అంతల్యా దగ్గరి గెయిక్‌బాయిరి దీనికి మంచి ఉదాహరణ. పేరు శీతాకాలపు క్లైంబింగ్‌దే, టూఫాలు అద్భుతం, ఖర్చు తక్కువ. కానీ అంతల్యాలో ఏడాదికి కురిసే వెయ్యి మిల్లీమీటర్ల పైచిలుకు వానలో పెద్ద భాగం నవంబర్ నుంచి ఫిబ్రవరి లోపే, అందులోనూ డిసెంబర్, జనవరిల్లో మరీ ఎక్కువ. స్పెయిన్‌లో అలికాంతేకి ఏడాది మొత్తం కలిపి 300 మిల్లీమీటర్లు కాస్త దాటుతుంది, అంతే. రెండు వారాలే సెలవుండి, ఒక్క రోజు కూడా పోకూడదనుకునే వాళ్లకి అలికాంతే తీరమైన కోస్తా బ్లాంకా అంతకన్నా మంచి భరోసా. అంతల్యాకి నెల రోజులు ఉండగలిగినవాళ్లు వెళ్లాలి. లేదా మార్చికి జరుపుకోవాలి.

స్పెయిన్ తూర్పు తీరానికీ ఒక బలహీనత ఉంది. వేసవంతా కాగిన సముద్రం మీదికి ఎత్తున చల్లగాలి వచ్చినప్పుడు శరదృతువులో కుండపోత కురుస్తుంది. వాలెన్సియా ప్రాంతాన్ని ముంచేసిన 2024 అక్టోబర్ 29 వరదలు ఆ కోవవే. దీపావళి సెలవులకి వాలెన్సియా వెళ్లేకన్నా సంక్రాంతి సెలవులకి వెళ్లడం నయం.

గ్రీస్‌లో చాలామందికి తెలిసిన పేరు కాలిమ్నోస్ ద్వీపం. అక్టోబర్, నవంబర్ మొదటి సగం దానికి పెళ్లిళ్ల సీజన్ లాంటిది. ఆ తర్వాత ద్వీపంలో క్లైంబర్లు దిగే మసూరి అనే ఊళ్లో గదులు, హోటళ్లు ఒక్కొక్కటే మూతపడతాయి. గాలి ఎక్కువైతే పక్క ద్వీపం కోస్ నుంచి పడవలు నడవవు. జనవరిలో గోడలు ఎక్కడికీ పోవు, భోజనం దొరకడమే కష్టం. అదే పెలోపొనీస్‌లోని లియోనిడియో టూరిస్టుల మీద బతికే ఊరు కాదు, సాగు మీద బతికేది. చారలున్న కోలవంకాయలకి గ్రీసంతా పేరున్న ఊరు. అందుకే చలికాలంలోనూ దుకాణాలు, బేకరీలు తెరిచే ఉంటాయి, ఊరి వెనకే ఎర్రటి సున్నపురాయి గోడ. ఏథెన్స్ నుంచి కారులో మూడున్నర గంటలు.

వాన లేకుండానే గోడ తడిసే రోజులు కూడా వస్తాయి. వారం పాటు గడ్డకట్టే చలి ఉండి, హఠాత్తుగా సముద్రం మీంచి వెచ్చని తేమగాలి వీస్తే, ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకి పట్టినట్టు రాయికి చెమట పడుతుంది. చేతులకి రాసుకునే చాక్ పొడి ఎంత పూసినా జిగురు ముద్దవుతుంది తప్ప లాభం లేదు. అప్పుడు చేయగలిగిందల్లా నీడలో ఉన్న లోతైన గుహలు వదిలేసి, ముందురోజంతా ఎండ తగిలిన గోడకి మారడమే.

ఇసుకరాయి విషయంలో తడి అంటే అసౌకర్యం ఒక్కటే కాదు, నష్టం కూడా. గింజల్ని పట్టి ఉంచే బంధం నీటికి మెత్తబడుతుంది, పైకి ఆరినట్టు కనిపించినా లోపల తడి ఉంటుంది. ఆ స్థితిలో లాగితే హోల్డ్ (చేత్తో పట్టుకునే అంచు) ఊడి వస్తుంది, ఆ రూట్ అందరికీ శాశ్వతంగా పోతుంది. లాస్ వేగస్ పక్కన రెడ్ రాక్‌లో వాన తర్వాత 24 నుంచి 72 గంటలు ఆగడం ఆనవాయితీ. స్పెయిన్‌లో అల్బర్రాసిన్, ఫ్రాన్స్‌లో ఫాంటెన్‌బ్లో కూడా ఇసుకరాయే. కాబట్టి ఇసుకరాయికి వెళ్లే ట్రిప్‌లో కనీసం రెండు రోజులు వృథా అవుతాయని ముందే రాసి పెట్టుకోవాలి.

బౌల్డరింగ్‌కి చలి కావాలి

రూట్లు ఎక్కేవాళ్లు ఎండ వెతుక్కుంటే బౌల్డరింగ్ వాళ్లు చలి వెతుక్కుంటారు. చెమట తక్కువ, పట్టు ఎక్కువ. తమ స్థాయికి మించిన ప్రాబ్లం (బండ మీద ఎక్కే దారి) మీద పడేవాళ్లు 0 నుంచి 10 డిగ్రీల మధ్య నీడ కోరుకుంటారు. సున్నాకి కిందికి పోతే మాత్రం షూ రబ్బరు బిగుసుకుంటుంది, వేళ్ల చర్మం పొడిబారి గాజులా జారుతుంది, ఆ పైన చీలుతుంది. మధ్యస్థాయిలో ఉన్నవాళ్లకి 12, 15 డిగ్రీలైనా హాయే.

అల్బర్రాసిన్ 1,100 మీటర్ల పైన, పైన్ అడవిలో ఎర్రటి ఇసుకరాయి బండలు. రూఫ్‌లు, అంటే ఇంటి కప్పులా అడ్డంగా వేలాడే రాళ్లు, ఎక్కువ. జనవరి రాత్రుళ్లు సున్నాకి బాగా దిగువకి పోతాయి. టెంట్ ఆలోచన మానేసి హీటర్ ఉన్న గది తీసుకోవాలి. ఆ బండల మధ్యే ఆదిమ మానవుల చిత్రాలున్నాయి, 1998లో యునెస్కో జాబితాకెక్కినవి. కొన్ని చోట్ల ఎక్కడం పూర్తిగా నిషేధం, పక్షులు గూడు కట్టే నెలల్లో ఇంకొన్ని చోట్ల. బోర్డులు చూసి నడవాలి. ఫాంటెన్‌బ్లో వాతావరణం డిసెంబర్‌లో లాటరీ. పారిస్‌లో ఉండే తెలుగువాళ్లు పొడిగాలి వీచిన రోజున రైలెక్కి వెళ్లొచ్చు. హైదరాబాద్ నుంచి దానికోసమే విమానం ఎక్కడం అనవసరం.

అమెరికాలో ఉన్నవాళ్లకి ఎల్ పాసో పక్కనున్న హ్యూకో ట్యాంక్స్ ముఖ్యమైనది. బౌల్డరింగ్ ఎంత కష్టమో చెప్పడానికి వి0, వి1 అని మనం రోజూ జిమ్‌లో వాడే కొలమానం జాన్ షెర్మన్ తయారుచేసింది అక్కడి బండల మీదే. రాయి గ్రానైట్‌కి దగ్గరి బంధువు, వాన వెలిసిన కాసేపటికే ఆరిపోతుంది. అడ్డంకి వేరే ఉంది: శిలాచిత్రాల రక్షణ కోసం, గైడ్ లేకుండా నార్త్ మౌంటెన్ మీదికి రోజుకి 70 మందినే అనుమతిస్తారు. మిగతా కొండలకి గైడ్ తప్పనిసరి. థాంక్స్‌గివింగ్, క్రిస్మస్ వారాలకి ఆ చోట్లు చాలా ముందే నిండిపోతాయి. డల్లస్ నుంచి పదిగంటలు కారు నడిపి వెళ్లి గేటు దగ్గర వెనుదిరగకండి, ముందు రిజర్వేషన్, తర్వాతే సెలవు. కాలిఫోర్నియా బిషప్‌లో బటర్‌మిల్క్స్ 1,900 మీటర్ల పైన, మంచు పడుతుంది. అలాంటి రోజుల్లో కిందనున్న హ్యాపీ బౌల్డర్స్‌కి దిగొచ్చు.

పడితే దెబ్బ తగలకుండా కింద పరిచే క్రాష్ ప్యాడ్ మోసుకెళ్లాలా అన్న ప్రశ్నకి టేపుతో కొలిస్తే జవాబు దొరుకుతుంది. మామూలు ప్యాడ్ మడిస్తే 100, 65, 20 సెంటీమీటర్లు ఉంటుంది. కలిపితే 185. విమాన సంస్థలు ఎక్కువగా ఒప్పుకునే హద్దు 158. బరువు ఆరు కిలోలే అయినా ఓవర్‌సైజ్ కింద డబ్బు కట్టాలి, రానూ పోనూ. అల్బర్రాసిన్‌లో, ఎల్ పాసోలో, బిషప్‌లో అద్దెకి దొరుకుతాయి. ఒక్కరికి ఒకటి చొప్పున కాకుండా ఇద్దరికి మూడు తీసుకుంటే రూఫ్‌ల కింద భయం లేకుండా ఉంటుంది.

గ్రానైట్ చేతులు

ఖాజాగూడ బండల మీద, భువనగిరి కోట గోడ మీద నేర్చుకున్నవాళ్లకి గ్రానైట్ అలవాటు: అంచులు, స్లాబ్‌లు (ఏటవాలు బండలు), కాలి మీద నమ్మకం. ఆ చేతులతో నేరుగా మార్గలెఫ్ వెళ్తే రాయి వేరే భాష మాట్లాడుతుంది. గులకరాళ్లు అతుక్కుని ఏర్పడ్డ రాయి, ఎక్కడ చూసినా ఒకటి రెండు వేళ్లు పట్టే గుంటలు. ఒక వేలితో లాగుతూ పక్క వేళ్లని అరచేతిలోకి ముడిస్తే అరచేతిలోని చిన్న కండరం బెణుకుతుంది, ట్రిప్ అక్కడితో అయిపోతుంది. మొదటి మూడు రోజులు మీ స్థాయికి రెండు గ్రేడ్లు (రూట్ కష్టానికి కొలత, 6సి కన్నా 7ఎ కష్టం) తక్కువలో, రెండు వేళ్లకి తక్కువైన గుంట ముట్టుకోకుండా ఎక్కాలి. సియురానాలో సన్నటి అంచులు, నిలువు గోడలు ఎక్కువ కాబట్టి మనవాళ్లకి తొందరగా పట్టుబడుతుంది. కాకపోతే అక్కడి పాత రూట్ల గ్రేడ్లు కర్కశం. కాలిమ్నోస్ గ్రేడ్లు ఉదారం. అక్కడ 7ఎ ఎక్కి సియురానాలో 6సి దగ్గర ఆగిపోయినవాళ్లు సిగ్గుపడక్కర్లేదు. లియోనిడియో, గెయిక్‌బాయిరి టూఫాలకి మోకాలి ప్యాడ్లు పట్టుకెళ్లండి, చేతులకి దొరికే విశ్రాంతంతా మోకాలు ఇరికించడంలోనే ఉంది.

తాడు పొడవు దగ్గర జరిగే ప్రమాదం లెక్క తెలియక జరిగేదే. చులియాలో 35, 40 మీటర్ల రూట్లు మామూలు. 38 మీటర్ల రూట్, మీ దగ్గర 70 మీటర్ల తాడు అనుకుందాం. సగం 35 కాబట్టి మూడు మీటర్లే తక్కువ, దూకేయొచ్చులే అనిపిస్తుంది. కిందికి దించడానికి కావల్సింది 76 మీటర్లు, ఉన్నది 70. అంటే ఎక్కిన మనిషి నేలకి ఇంకా 6 మీటర్ల ఎత్తులో ఉండగానే తాడు కొస బిలే పరికరంలోంచి జారిపోతుంది. నడుముకి కట్టుకున్న ముడికి పోయిన తాడు కలుపుకుంటే ఆ ఎత్తు ఇంకా పెరుగుతుంది. రెండంతస్తుల మీంచి పడ్డట్టు. కొసకి ముడి వేస్తే ఇది జరగదు. స్పెయిన్‌కి 80 మీటర్ల తాడు, చులియాకి 20 క్విక్‌డ్రాలు (తాడుని బోల్టుకి తగిలించే కొక్కేలు). గ్రీస్‌లో చాలా రూట్లకి 70 చాలు. 9.5 మిల్లీమీటర్ల తాడు 80 మీటర్లంటే దగ్గరదగ్గర ఐదు కిలోలు, క్విక్‌డ్రాలు ఇంకో రెండు కిలోలు. బ్యాగేజీ హద్దు చూసి మరీ టికెట్ తీసుకోండి.

రైలేలో తాడు కన్నా బోల్ట్ మీద కన్నేయాలి. సముద్రపు ఉప్పు, వేడి, సున్నపురాయి కలిస్తే స్టెయిన్‌లెస్ స్టీల్ పైకి నిగనిగలాడుతూనే లోపల పగులుతుంది. అందుకే అక్కడ టైటానియం బోల్టులు రాయిలో జిగురుతో అతికిస్తూ వస్తున్నారు. బూడిదరంగులో, ఒకే ముక్కగా రాయిలో దిగినట్టున్నవి నమ్మండి. నట్టు, ప్లేటు ఉన్న పాతవి కనిపిస్తే ఆ రూట్ వదిలేయండి.

భారత పాస్‌పోర్ట్ మీద స్పెయిన్, గ్రీస్, ఫ్రాన్స్ మూడింటికీ షెంగెన్ వీసా కావాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకి ఉండాలి. ఆ పాలసీలు చాలావాటిలో పర్వతారోహణ, రాక్ క్లైంబింగ్ మినహాయింపుల జాబితాలో ఉంటాయి. చిన్న అక్షరాలు చదివి, సాహస క్రీడల కవర్ విడిగా కొనుక్కోవాలి. కారు అద్దెకి తీసుకోవాలంటే ఆర్టీవో ఇచ్చే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ చేతిలో ఉండాలి. కారు నడపనివాళ్లకి స్పెయిన్‌లో ఎల్ చోర్రో నయం, గోడల కిందే రైల్వే స్టేషన్ ఉంది. అమెరికా నుంచి మెక్సికోలో ఎల్ పొత్రెరో చికో వెళ్లాలనుకునే హెచ్1బీ వాళ్లు, పాస్‌పోర్ట్‌లో వీసా స్టాంప్ గడువు చూసుకున్నాకే దగ్గరి విమానాశ్రయం మాంటెరేకి టికెట్ కొనాలి. ఇంకొకటి: స్పెయిన్‌లో పండగలు జనవరి 6తోగానీ ముగియవు. చిన్న ఊళ్లలో దుకాణాలు ఎప్పుడు తీస్తారో చెప్పలేం, ముందే సరుకులు కొని పెట్టుకోవాలి.

జనవరిలో రెండు వారాలు, ఇద్దరు మనుషులు, 6బి నుంచి 7ఎ మధ్య స్థాయి, ఒక కారు అనుకుంటే వాలెన్సియా విమానాశ్రయంలో దిగడం మా ఓటు. గంటలో చులియా లోయ: ఎండ గోడ, నీడ గోడ రెండూ ఉన్న సున్నపురాయి. దక్షిణంగా గంటన్నర పోతే కాల్పే, కోస్తా బ్లాంకా: చులియాలో వాన పట్టి ఇక్కడ సూచన పొడిగా ఉన్న రోజులకి. లోపలికి రెండు గంటలు పోతే అల్బర్రాసిన్: చలి గట్టిగా బిగిసి ఆకాశం తేటగా ఉన్న మూడు రోజులకి. మొదటి నాలుగు రాత్రులకి మాత్రమే చులియాలో గది బుక్ చేయండి. మిగతా పదీ రద్దు చేసుకోగలిగేవిగా ఉంచి, మూడో రోజు సాయంత్రం మూడు చోట్ల సూచనలూ పక్కపక్కన పెట్టుకుని చూడండి.